బొమ్మల సంచి సర్దుకునే ముందు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, కవిత రాయాలా, జ్ఞాపకాలు రాయాలా అని చాలాసేపు ఆలోచించాం. చివరకు నలుగురికి పనికొచ్చేదే రాద్దామని నిశ్చయించుకున్నాం. సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు నోటు పుస్తకాల వెనుక పేజీల్లో వేసిన బొమ్మలు పట్టుకొని వస్తారు. "అన్నా, బొమ్మల కోర్సులో ఎట్ల చేరాలె? పోర్ట్‌ఫోలియో అడుగుతరంట, అదేంది?" అంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే కన్నా, తెలిసింది మొత్తం ఒకచోట రాసి పెడితే మంచిదని ఈ ప్రయత్నం.

ఈ వ్యాసంలో 'మేము' అంటే ఒకే గదిలో నాలుగేళ్లు ఉండి బి.ఎఫ్.ఏ. చదివిన ముగ్గురం. రాస్తున్నది ఒకరే అయినా అనుభవం ముగ్గురిదీ. మాలో ఒకడి నాన్న తాపీ మేస్త్రీ. ఇంకొకడి అమ్మ మున్సిపాలిటీలో రోడ్లు ఊడుస్తుంది. మరొకడి నాన్న కూలి పని చేస్తూ, పెళ్లికీ చావుకీ డప్పు కొడతాడు. మా మూడిళ్లలోనూ డిగ్రీ వరకు వచ్చిన మొదటివాళ్లం మేమే. కనుక ఇంట్లో అడిగి తెలుసుకునే అవకాశం మాకు లేదు. తప్పులు చేసే నేర్చుకున్నాం. ఆ తప్పులు మీరు చేయకూడదనే మా కోరిక.

పోర్ట్‌ఫోలియో అంటే ఏమిటి?

మేము ఆ మాట మొదట పేపర్లో చదివాం. ఫలానా మంత్రికి ఫలానా పోర్ట్‌ఫోలియో అని రాసేవారు. మన చదువులో దాని అర్థం వేరు. మనం వేసిన బొమ్మల్లో కొన్నింటిని ఎంచి, ఒక వరుసలో పెట్టి, చూసేవారికి మన పని అర్థమయ్యేలా అందించే కట్టనే పోర్ట్‌ఫోలియో అంటారు. దరఖాస్తు సమయంలో వాటి ఫోటోలు అడగవచ్చు. ఇంటర్వ్యూకు అసలు బొమ్మలు తెమ్మనవచ్చు. కొన్నిచోట్ల రెండూ అడుగుతారు.

ఇంటర్ తర్వాత బి.ఎఫ్.ఏ.లో చేరడానికి మన రాష్ట్రాల్లో ప్రధానంగా ప్రవేశ పరీక్షే ఉంటుంది. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఇందుకోసం పరీక్ష పెడుతుంది. పోర్ట్‌ఫోలియో అవసరం ఎక్కువగా పీజీలో, అంటే ఎం.ఎఫ్.ఏ.లో వస్తుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, బరోడాలో ఎం.ఎస్. యూనివర్సిటీ, శాంతినికేతన్‌లో 1919లో మొదలైన కళాభవన్ వంటివి మన పిల్లలు వెళ్లదగిన చోట్లు. ఎన్ని బొమ్మలు, ఏ కొలత, పరీక్షా ఇంటర్వ్యూనా అన్నవి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఏడాదికేడాది మారతాయి కూడా. కాబట్టి మొదటి పని, ఆ ఏటి ప్రకటనను ఒకటికి రెండుసార్లు చదివి, అడిగినవి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోవడం.

పీజీకి కదా, ఇప్పుడే ఎందుకని ఇంటర్ తమ్ముళ్లు అనుకోవద్దు. పోర్ట్‌ఫోలియో నెల రోజుల్లో తయారయ్యేది కాదు. ఈ రోజు నోటు పుస్తకంలో వేసిన గీత కూడా రేపు అందులోకి రావచ్చు. మేము ఆ సంగతి తెలియక ఒక సంవత్సరం పోగొట్టుకున్నాం.

మా మొదటి సంచి

బి.ఎఫ్.ఏ. చివరి ఏడు మేము ముగ్గురం ఒకే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేశాం. మా దగ్గర ఉన్నవన్నీ సంచిలో పెట్టాం. ఒక్కొక్కరివీ నలభైకి తక్కువ కాకుండా ఉన్నాయి. సగం కాలేజీలో అందరూ ఒకే కుండ, ఒకే గుడ్డ ముందు కూర్చొని వేసినవి. మిగతా సగంలో ఫోటోకు గళ్లు కొట్టి దించిన సినిమా నటుల ముఖాలు, బుద్ధుడి ముఖాలు ఉన్నాయి. ఇంకా పెద్ద బొట్టు, ముదురు ఎరుపు చీర, చేతినిండా గాజులతో తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు. ఇవి తోట వైకుంఠం గారి బొమ్మల్లా అచ్చం ఉన్నాయని కాలేజీలో అందరూ మెచ్చుకున్నవే. ఒకటి రెండు అమ్ముడుపోయాయి కూడా. కనుక వాటినే అన్నిటికన్నా పైన పెట్టాం.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన గళ్లు కొట్టి వేసిన ముఖాన్ని చూపించి, "ఇందులో వెలుగు ఎటు నుంచి వస్తోంది?" అని అడిగారు. మావాడు తడబడ్డాడు. ఫోటోలో ఎక్కడ నల్లగా ఉంటే అక్కడ నలుపు పెట్టాడే తప్ప, వెలుగు గురించి ఆలోచించలేదు. తర్వాత ఎర్ర చీర బొమ్మ తీసి, "ఈమె ఎవరు? మీ ఊరామెనా?" అన్నారు. మాకు జవాబు లేదు. ఆమెను మేము ఎన్నడూ చూడలేదు. వైకుంఠం గారి బొమ్మలో చూశాం.

ముగ్గురిలో ఒక్కరికీ సీటు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. మన కులం చూసి తీసుకోలేదేమో, మన ఇంగ్లీషు చూసి తీసుకోలేదేమో అని కొన్ని రోజులు అనుకున్నాం. అటువంటివి లోకంలో లేవని మేము అనం. కానీ బొమ్మలన్నీ మళ్లీ గదిలో పరిచి చూసుకుంటే, ముగ్గురి సంచులూ కలిపేసినా ఏది ఎవరిదో చెప్పలేని పరిస్థితి. అప్పుడు మాకు అర్థమైంది.

వైకుంఠం గారు 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో, తర్వాత బరోడాలో చదువుకున్నారు. అంత చదివి ఆయన తిరిగి చూసింది తన ఊరి ఆడవాళ్లనే. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారు కూడా బరోడా వెళ్లి వచ్చి, తన పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ గీశారు. వాళ్లు తమ ఊళ్లను చూశారు. మేము మా ఊళ్లను వదిలిపెట్టి వాళ్ల బొమ్మలను చూశాం. తేడా అక్కడే ఉంది. పెద్దవాళ్ల బొమ్మలు చూసి నేర్చుకోవడం తప్పు కాదు, అభ్యాసానికి నకలు వేయవచ్చు. కానీ పోర్ట్‌ఫోలియోలో నకలు పెడితే మన చేయి మాత్రమే కనబడుతుంది, మన కన్ను కనబడదు. అక్కడ కూర్చున్నవారు వెతికేది కన్ను కోసమే.

హాస్టలే మన స్టూడియో

రెండో ఏడు మేము మళ్లీ మొదలుపెట్టినప్పుడు మోడల్‌కు ఇచ్చే డబ్బు లేదు, స్టూడియో లేదు. ఉన్నది హాస్టల్. అయితే చిత్రకళలో మొదట నేర్వవలసిన నాలుగు పాఠాలూ ఇక్కడే ఉన్నాయి.

మొదటిది వస్తువు. మన అన్నం కంచం, స్టీలు గ్లాసు, బకెట్టు తీసుకొని కిటికీ పక్కన పెట్టండి. గ్లాసు మూతి గుండ్రమే అయినా పక్కనుంచి చూస్తే కోలగా కనబడుతుంది. చాలామంది మూతిని కోలగా వేసి, అడుగును తిన్నని గీతతో ముగిస్తారు. అది తప్పు. అడుగు మన కంటి మట్టానికి ఇంకా కిందికి ఉంటుంది కనుక, మూతికన్నా అడుగే మరికాస్త గుండ్రంగా కనబడాలి. స్టీలు మీద మెరుపు ఎక్కడుందో, పక్కనున్న కంచం నీడ గ్లాసు మీద ఎట్లా పడిందో చూడండి. ఒక గ్లాసును పదిసార్లు వేస్తే పదోసారికి మెరుపు దానంతట అదే వస్తుంది.

రెండోది దూరం. మన పొడవాటి గది గుమ్మం దగ్గర నేల మీద కూర్చోండి. రెండు వైపులా వరుసగా ఉన్న ట్రంకు పెట్టెలు దూరం పోయేకొద్దీ చిన్నవవుతాయి. వాటి అంచులన్నీ ఎదురుగోడ మీద ఒక చుక్క వైపు పరుగెడుతున్నట్టు ఉంటాయి. ఆ చుక్క సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉంటుంది. మీరు లేచి నిలబడితే అది కూడా పైకి లేస్తుంది. పర్‌స్పెక్టివ్ అని పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన పాఠం ఇదే.

మూడోది మనిషి కొలత. చేయి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో తల ఎత్తును కొలవండి. నిలబడిన పెద్ద మనిషి సుమారు ఏడు, ఏడున్నర తలల ఎత్తుంటాడు. చిన్నపిల్లల్లో తల పెద్దది కనుక ఆ లెక్క తగ్గుతుంది. కళ్లు ముఖంలో పైభాగాన ఉంటాయని అనుకుంటాం గానీ, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే సరిగ్గా మధ్యలో ఉంటాయి. మేస్త్రీ కొడుకైన మావాడు ఇంకో ఉపాయం చెప్పాడు. గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూడటానికి వాళ్ల నాన్న వాడే దారం గుండు తెచ్చి కంటి ముందు వేలాడదీశాడు. నిలబడిన మనిషి గొంతుగుంట కింద ఏ కాలు ఉందో ఆ దారంతో తెలుస్తుంది. బరువు మోసే కాలు సరిగ్గా కుదిరితే బొమ్మ పడిపోతున్నట్టు ఉండదు. నాన్న పనిముట్టు కొడుకు చదువుకు అక్కరకు వచ్చింది.

నాలుగోది కదలిక. రాత్రి భోజనాల వరుస కన్నా మంచి బడి దీనికి లేదు. కంచం పట్టుకొని ఒకడు ఒంటికాలి మీద నిలబడతాడు, ఇంకొకడు గోడకు ఆనుకుంటాడు. ఎవడూ నిమిషం మించి కదలకుండా ఉండడు. ఆ నిమిషంలోనే పది గీతల్లో పట్టుకోవాలి. ముక్కూ కళ్లూ అక్కరలేదు. వెన్ను ఎటు వంగింది, బరువు ఎక్కడుంది అన్నవి చాలు. రోజుకు ఇరవై చొప్పున మేము ఆరు నెలలు వేశాం. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత "అన్నా, నన్ను వేయి" అని వరుసలో ఉన్నవాళ్లే అడిగేవారు.

ఈ చిన్న చిన్న బొమ్మల పుస్తకాన్ని స్కెచ్ బుక్ అంటారు. దాన్ని తప్పకుండా ఇంటర్వ్యూకు తీసుకువెళ్లండి. అందులో కొట్టివేతలు, తప్పులు ఉన్నా ఫరవాలేదు. పూర్తయిన బొమ్మ ఫలితాన్ని చూపిస్తుంది. స్కెచ్ బుక్ ఆ ఫలితం ఎట్లా వచ్చిందో చూపిస్తుంది.

డబ్బు లేదని ఆగవద్దు

మేము మొదటి ఏడు ఖరీదైన కాన్వాసుల కోసం అప్పు చేశాం. రెండో ఏడు మనిషికి వెయ్యి రూపాయలు దాటలేదు. హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు, కొన్ని చార్‌కోల్ పుల్లలు, ఒక నల్ల ఇంకు సీసా, పోస్టర్ రంగుల పెట్టె ఒకటి ముగ్గురం పంచుకున్నాం. నిమిషం బొమ్మలకు న్యూస్‌ప్రింట్ కాగితం, వాడేసిన జిరాక్స్ కాగితాల వెనుక వైపు చాలు. పూర్తి చేసే బొమ్మలకు మాత్రం మందమైన కార్ట్రిడ్జ్ షీట్లు కొన్నాం. 22 × 30 అంగుళాల షీట్‌ను సగం చేస్తే 15 × 22 వస్తుంది. ఆ కొలత మోయడానికి, పరచడానికి వీలు. ఇస్త్రీ బండి బొగ్గుతో కూడా వేసి చూశాం. గరుకుగా ఉంటుంది గానీ పెద్ద కాగితం మీద మంచి నలుపు ఇస్తుంది. బొగ్గు బొమ్మ చెరిగిపోకుండా మధ్యలో బటర్ పేపర్ పెట్టుకోవాలి.

1943లో బెంగాల్ కరువు వచ్చినప్పుడు జైనుల్ ఆబెదిన్ అనే యువ చిత్రకారుడు కలకత్తా వీధుల్లో ఆకలితో పడి ఉన్నవారిని గీశారు. ఆయన వాడింది చవక ప్యాకింగ్ కాగితం, నల్ల ఇంకు. ఆ బొమ్మలు ఈనాటికీ చూసేవారిని కదిలిస్తాయి. కాబట్టి కాగితం ఖరీదు చూసి మన బొమ్మకు విలువ కట్టుకోవద్దు.

సంచి సంగతి కూడా అంతే. రెక్సిన్ బ్యాగు చూసి ఎవరూ సీటు ఇవ్వరు. రెండు గట్టి అట్టలకు మధ్యలో టేపు వేసి, తాళ్లు కట్టి, పైన యూరియా బస్తా కుట్టుకున్నాం. వానలో బస్సు టాపు మీద వెళ్లినా లోపల తడవలేదు.

ఎంచడం, వరుస పెట్టడం

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. మనం కష్టపడి వేసిన బొమ్మను తీసేయాలంటే మనసు ఒప్పదు. కానీ సంచిలో పది మంచి బొమ్మలు, పది నాసి బొమ్మలు ఉంటే చూసేవారికి నాసివే గుర్తుంటాయి. ప్రకటనలో సంఖ్య చెప్పకపోతే పన్నెండు నుంచి ఇరవై చాలని మా అనుభవం. వాటిలో కొన్ని వస్తువులవి, కొన్ని మనుషులవి, కొన్ని పరిసరాలవి, కొన్ని సొంత ఊహతో కూర్చిన పెద్ద బొమ్మలు ఉండాలి. శిల్పమో ప్రింట్‌మేకింగో కోరుకునేవారు ఆ పని ఎక్కువగా చూపాలి. మొదట ఒక గట్టి బొమ్మ, చివర ఒక గట్టి బొమ్మ పెట్టండి. ఒకే విషయం మీద వేసినవి పక్కపక్కన ఉంటే మన ఆలోచన ఎట్లా నడిచిందో తెలుస్తుంది.

ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక బొమ్మలన్నీ డైనింగ్ హాలు నేల మీద పరిచాం. అందరినీ చూడమన్నాం. ఏది బాగుందని అడగలేదు. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో చూశాం. మేము గొప్పవనుకున్న రంగుల బొమ్మలను దాటిపోయి, తమ్ముళ్లు ట్రంకు పెట్టెల బొమ్మ దగ్గర ఆగారు. ఎవరి పెట్టె ఏదో వెతుక్కున్నారు. వంటమ్మ అన్నం గిన్నె దించుతున్న బొమ్మ దగ్గర ఆ వంటమ్మే నిలబడి, "మసిగుడ్డ అట్ల పట్టుకోం బిడ్డా, చేయి కాలుతది" అంది. పొద్దున వంటగదికి వెళ్లి చూస్తే ఆమె చెప్పిందే నిజం. గుడ్డను రెండు మడతలు వేసి, బొటనవేలు పైకి రాకుండా పట్టుకుంటోంది. మేము ఊహించి వేశాం, చూసి వేయలేదు. ఆ చేతులు మళ్లీ వేశాం. నాలుగేళ్ల కాలేజీలో విన్న విమర్శల్లో అంత సూటైనది మాకు గుర్తులేదు.

ఫోటోలు, వివరాలు

దరఖాస్తుకు ఫోటోలు అడిగితే ఫోన్‌తోనే తీయవచ్చు. ట్యూబులైటు కింద తీయవద్దు, ఫ్లాష్ వాడవద్దు. పగటిపూట ఎండ నేరుగా పడని వరండాలో బొమ్మను గోడకు నిలువుగా పెట్టి, ఫోన్‌ను బొమ్మ మధ్యభాగం ఎత్తులో పట్టుకోండి. బొమ్మ నాలుగు అంచులూ తెరలో తిన్నగా కనబడాలి. మీ నీడ దాని మీద పడకూడదు. గోడ, నేల, కాలి వేళ్లు కనబడకుండా కత్తిరించండి. రంగులు బాగుండాలని ఫోన్‌లో మార్పులు చేయవద్దు. అసలు బొమ్మ పక్కన పెట్టి చూసినప్పుడు మోసం బయటపడుతుంది. ఫైలు సైజు, పేరు ఎట్లా ఉండాలో ప్రకటనలో చెప్పినట్టే చేయాలి. ఒక ప్రతిని ఈమెయిల్‌లో కూడా దాచుకోండి.

ప్రతి బొమ్మకూ పేరు, దేనితో వేశారో, కొలత, సంవత్సరం రాయాలి. కొలతలో మొదట ఎత్తు, తర్వాత వెడల్పు రాయడం వాడుక. ఉదాహరణకు: ట్రంకు పెట్టెలు, చార్‌కోల్, 15 × 22 అంగుళాలు, 2024.

మీ పని గురించి ఒక పేజీ రాయమంటారు. ఇక్కడ మనవాళ్లు భయపడి ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లీషు దించుతారు. అది ఇంకో నకలు. మొదట తెలుగులో, అమ్మకు చెప్పినట్టు రాయండి. ఏం వేస్తున్నాను, ఎందుకు వేస్తున్నాను, అక్కడికి వచ్చి ఏం నేర్చుకుంటాను అన్న మూడు ప్రశ్నలకు జవాబు చాలు. తర్వాత ఇంగ్లీషు తెలిసిన అన్నతో కూర్చొని చిన్న చిన్న వాక్యాల్లో మార్చుకోండి. మీకు అర్థం కాని మాట ఒక్కటి కూడా ఉంచవద్దు. ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు.

అడుగున దాచిన బొమ్మ

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని ముగ్గురం మాట్లాడుకొని, రాయాలనే అనుకున్నాం.

మాలో ఒకడు వాళ్ల నాన్న డప్పు కాచుకుంటున్న బొమ్మ వేశాడు. పొద్దుగూకే వేళ, గడ్డి మంట ముందు గొంతుక్కూర్చొని, డప్పును మంటకు చూపిస్తూ, వేళ్లతో తట్టి బిగువు చూసుకుంటున్న మనిషి. మా ముగ్గురి బొమ్మల్లోనూ అదే మంచిదని మాకు తెలుసు. కానీ సంచి సర్దేటప్పుడు వాడు దాన్ని తీసి పెట్టెలో అడుగున పెట్టాడు. ఎందుకంటే చెప్పలేదు. మాకు చెప్పనవసరం కూడా లేదు. కాలేజీలో నాలుగేళ్లు "మీ నాన్న ఏం చేస్తాడు" అంటే "వ్యవసాయం" అని చెప్పినవాడే వాడు. రోడ్లు ఊడ్చే అమ్మ కొడుకు కూడా "గవర్నమెంటు ఉద్యోగం" అని చెప్పేవాడు. ఎర్ర చీర బొమ్మల వెనుక మేము ఎందుకు దాక్కున్నామో ఆ రాత్రి ముగ్గురికీ తెలిసింది. అవి వేస్తే ఎవరూ మన ఇల్లు ఎక్కడని అడగరు.

తెల్లవారి వాడే లేచి ఆ బొమ్మను సంచిలో మొదట పెట్టాడు. ఇంకొకడు వాళ్లమ్మ చీపురు పట్టుకొని వీధి దీపం కింద నిలబడ్డ బొమ్మ చివర పెట్టాడు.

ఇంటర్వ్యూలో డప్పు బొమ్మ దగ్గరే పది నిమిషాలకు పైగా గడిచాయి. మంటకు ఎందుకు చూపిస్తారు అని అడిగారు. తోలు చల్లబడి తేమ పడితే వదులవుతుంది, వేడికి బిగుసుకొని మోగుతుంది అని చెప్పాడు. ఏ చేతిలో ఏ పుల్ల ఉంటుందంటే, కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సన్నని చిటికెన పుల్ల అని చేతులతో చూపించాడు. మంట కింద నుంచి వస్తోంది కదా, గడ్డం కింద వెలుగు, కంటి గుంటల్లో నీడ ఎట్లా వేశావంటే, అదీ చెప్పగలిగాడు. నిరుడు వెలుగు ఎటు నుంచి వస్తోందంటే నోరు పెగలని వాళ్లం మేము. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేశాడు. తెలుగు తెలిసిన ఒక మేడం మిగతా వారికి చెప్పారు. ఎవరూ నవ్వలేదు.

ఆ ఏడు మాలో ఇద్దరికి సీటు వచ్చింది. మేస్త్రీ కొడుకుకు రాలేదు. వాడి పని మా పనికి ఏమాత్రం తీసిపోదు. సీట్లు కొన్నే ఉంటాయి. ఇప్పుడు బడి గోడలకు బొమ్మలు వేసే పని చేస్తూ, సాయంత్రాలు కడుతున్న ఇళ్ల దగ్గర కూలీలను గీస్తూ మళ్లీ సిద్ధమవుతున్నాడు. ఈ వ్యాసంలో దారం గుండు ముచ్చట రాయమన్నది వాడే. మంచి పోర్ట్‌ఫోలియో ఉంటే సీటు ఖాయమని మేము చెప్పలేం. కానీ అది ఉంటే ఓడినా మన పని మన దగ్గర మిగులుతుంది. మొదటి ఏడు మాకు అదీ మిగలలేదు.

మరికొన్ని మాటలు

కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు మీసేవలో ముందే తీసి ఉంచుకోండి. మార్కుల మెమోలు, టీసీ, బోనఫైడ్ ఒక కవరులో పెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు దరఖాస్తు రుసుములో తగ్గింపు ఉందేమో ప్రకటనలో చూడండి. వేరే రాష్ట్రానికి వెళ్లేవారు స్కాలర్‌షిప్ విషయం వార్డెన్ సారుతో ముందుగానే మాట్లాడాలి. చివరి రోజు దాకా ఆగవద్దు. ఆ రోజు నెట్ సెంటర్లో మీలాంటి వాళ్లు ఇంకో యాభై మంది ఉంటారు.

"బొమ్మలు అన్నం పెడతయా?" అని ఇంట్లో అడుగుతారు. మా ఇళ్లలోనూ అడిగారు. అది తప్పు ప్రశ్న కాదు, ఆకలి తెలిసినవాళ్ల ప్రశ్న. డ్రాయింగ్ టీచర్ పోస్టులు తక్కువే. పుస్తకాల బొమ్మలు, ప్రకటనలు, యానిమేషన్, బట్టల డిజైన్ వంటి పనులు ఉన్నాయి. పీజీ తర్వాత యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్ ఒక సబ్జెక్టుగా ఉంది. అది రాసి అధ్యాపకులు కావచ్చు, పరిశోధన చేయవచ్చు. ఇవన్నీ ఇంట్లో వివరంగా చెప్పండి. చెప్పకుండా చేరి మధ్యలో మానేసినవారిని మేము చూశాం.

తమ్ముళ్లూ, ఈ సంచిక మీ చేతికి వచ్చిన రోజునే ఒక రెండు వందల పేజీల తెల్ల నోటు పుస్తకం కొనండి. మొదటి పేజీలో తేదీ వేసి, మీ ట్రంకు పెట్టెను గీయండి. రెండో పేజీలో పక్కవాడి చెప్పులు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పని చేస్తుంటే పక్కన కూర్చొని ఆమె చేతులు గీయండి. ఫోటో తీసి తర్వాత వేద్దామనుకోవద్దు, అక్కడే కూర్చొని వేయండి.

సంక్రాంతి సెలవులకు మేము హాస్టల్‌కు వస్తాం. పుస్తకాలు పట్టుకొని రండి. డైనింగ్ హాలులో నేల మీద పరిచి అందరం చూద్దాం. వంటమ్మను కూడా పిలుద్దాం.



— ఎం.ఎఫ్.ఏ. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి